బీఎస్సీ లైఫ్ సైన్సెస్ తర్వాత ఎంబీబీఎస్: తరచుగా అడిగే ప్రశ్నలు

మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, బయోకెమిస్ట్రీ, బీజెడ్‌సీ, ఎంఎల్‌టీ, బయోమెడికల్ సైన్స్... బీఎస్సీలో ఏ గ్రూపు తీసుకున్నా ఫైనలియర్‌కు వచ్చేసరికి చాలామంది మనసులో తిరిగే ప్రశ్న ఒకటే: "ఇప్పుడైనా డాక్టర్ అవ్వొచ్చా?" డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పే నా దగ్గరికి ఏటా ఈ సందేహాలే వస్తుంటాయి. పిల్లలూ అడుగుతారు, తల్లిదండ్రులు ఫోన్ చేసి మరీ అడుగుతారు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమయ్యేలా ఉంటుంది, మీకు కావలసిన దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. నిబంధనలు ఏటా కొంచెం కొంచెం మారుతుంటాయి కాబట్టి అప్లై చేసే ముందు ఆ ఏడాది నోటిఫికేషన్ మాత్రం తప్పకుండా చదవండి.

## నిర్ణయం తీసుకునే ముందు

బీఎస్సీ అయిపోయింది. ఇప్పుడు ఎంబీబీఎస్‌లో చేరే వీలుందా?

ఉంది. దారి మాత్రం ఒకటే, నీట్ యూజీ. ఇంటర్ పాసైన పిల్లలు రాసే పేపరే మీరూ రాయాలి, వాళ్లతో పాటే ర్యాంకు తెచ్చుకోవాలి. 180 ప్రశ్నలు, 3 గంటలు, 720 మార్కులు. డిగ్రీ ఉన్నందుకు ఎవరూ మిమ్మల్ని ఆపరు, అలాగని ఒక్క మార్కు కూడా కలపరు. డిగ్రీ వాళ్లకంటూ విడిగా కోటా లేదు. 2025లో ఈ పరీక్ష 22 లక్షల మందికి పైగా రాశారు. దేశం మొత్తమ్మీద ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకు. పోటీ ఏ స్థాయిలో ఉంటుందో తెలిసే దిగండి.

డిగ్రీ ఉంది కాబట్టి నేరుగా సెకండియర్‌లో చేర్పిస్తామని ఒకాయన అంటున్నారు. నమ్మొచ్చా?

నమ్మొద్దు. మన దేశంలో ఎంబీబీఎస్‌కు లేటరల్ ఎంట్రీ లేదు. ఇంజినీరింగ్‌లో డిప్లొమా వాళ్లు సెకండియర్‌లో చేరతారు కాబట్టి ఇక్కడా ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఆ అనుమానాన్నే ఏజెంట్లు సొమ్ము చేసుకుంటారు. మీరు బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి ఉన్నా సరే, ఎంబీబీఎస్ ఫస్టియర్‌లో బయోకెమిస్ట్రీ మళ్లీ మొదటి నుంచి చదవాలి. నీట్ రాయకుండా సీటు ఇప్పిస్తామన్నా, అడ్వాన్స్ కట్టి సీటు బ్లాక్ చేసుకోమన్నా అక్కడితో ఫోన్ పెట్టేయండి.

నాకు 24 ఏళ్లు. మరీ ఆలస్యమైందా? ఎన్నిసార్లు రాయొచ్చు?

నిబంధనల ప్రకారం ఆలస్యం కాదు. చేరే ఏడాది డిసెంబర్ 31 నాటికి 17 ఏళ్లు నిండి ఉంటే చాలు. పై వయోపరిమితి ఒకప్పుడు జనరల్ వాళ్లకు 25, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 30గా ఉండేది. 2022లో దాన్ని తీసేశారు. ఇన్నిసార్లే రాయాలన్న లెక్క కూడా లేదు. పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాల లాంటి కొన్నిచోట్ల విడిగా వయసు నిబంధన ఉంటుంది, అటు వెళ్లాలనుకునేవాళ్లు అది చూసుకోవాలి.

నాకు నిజంగా డాక్టర్ అవ్వాలని ఉందో, ఆ రంగంలో ఉంటే చాలో తేల్చుకోలేకపోతున్నాను. ఎలా తెలుస్తుంది?

మిగతా అన్ని ప్రశ్నల కన్నా ముందు తేలాల్సింది ఇదే. ఇంటర్ తర్వాత సీటు రాని బాధ మూడేళ్లయినా పోని పిల్లలు ఉంటారు. ఆ బాధ వేరు, డాక్టర్ పని మీద ఇష్టం వేరు. రెండూ ఒకేలా అనిపిస్తాయి కానీ, ఒక్క బాధ మాత్రమే ఉన్నవాళ్లు ప్రిపరేషన్‌లో సంక్రాంతి దాటాక డీలా పడిపోవడం చాలాసార్లు చూశాను.

నేను చెప్పేదల్లా ఒకటి. మీ ఊరికి దగ్గరలో ఉన్న ఏరియా ఆసుపత్రికో జిల్లా ఆసుపత్రికో ఎవరికైనా తోడుగా వెళ్లి, ఉదయం ఓపీ మొదలైన దగ్గర్నుంచి మధ్యాహ్నం దాకా ఉండండి. చీటీలు పట్టుకుని లైనులో నిలబడ్డవాళ్లు, ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలే ఇవ్వగలిగిన డాక్టర్, "జ్వరం ఎన్ని రోజుల నుంచి?" అన్న ప్రశ్న మళ్లీ మళ్లీ, మధ్యలో ఎమర్జెన్సీ అంటూ తోసుకొచ్చే స్ట్రెచర్. అదంతా చూశాక కూడా ఆ కుర్చీలో కూర్చోవాలనిపిస్తే ముందుకెళ్లండి. అక్కడి కన్నా పక్కనున్న ల్యాబ్‌లో మైక్రోస్కోప్ ముందు ఏం జరుగుతోందన్నదే మీ కళ్లకు ఆసక్తిగా కనిపిస్తే, అదీ విలువైన సమాచారమే. దాన్ని ఓటమిగా లెక్కేసుకోకండి.

## అర్హత గురించి

ఇంటర్‌లో సైన్స్ మార్కులు 50 శాతం రాలేదు. డిగ్రీలో 80 శాతం ఉంది. అది లెక్కలోకి వస్తుందా?

రాదు. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ కలిపి జనరల్ వాళ్లకు 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ వాళ్లకు 40 శాతం ఉండాలి. దీంతోపాటు ఇంగ్లిష్ పాసై ఉండాలి. డిగ్రీ మార్కులతో ఆ లోటు పూడదు. కోచింగ్‌కు డబ్బు కట్టే ముందే ఇంటర్ మెమో తీసి, ఈ మూడు సబ్జెక్టుల మార్కులు కాగితం మీద కూడి చూసుకోండి. రెండేళ్లు చదివి, ర్యాంకు తెచ్చుకుని, చివరికి ఇక్కడ ఆగిపోతే భరించడం చాలా కష్టం.

ఇంటర్‌లో ఎంపీసీ, తర్వాత బీఎస్సీ బయోటెక్. నేను నీట్ రాయొచ్చా?

ఇంతకుముందు ఈ ప్రశ్నకు జవాబు "కుదరదు". 2023 నవంబర్‌లో జాతీయ వైద్య కమిషన్ దాన్ని మార్చింది. ఇంటర్ పాసయ్యాక బయాలజీనో బయోటెక్నాలజీనో అదనపు సబ్జెక్టుగా గుర్తింపు ఉన్న బోర్డులో పాసైనా నీట్ రాయనిస్తామంది. కాబట్టి ముందు బోర్డు పరీక్ష ద్వారా బయాలజీ పూర్తి చేసుకోండి. డిగ్రీలో మూడేళ్లు బయోటెక్ చదివినంత మాత్రాన ఇంటర్ స్థాయి బయాలజీ ఉన్నట్టు లెక్క కాదు.

అప్లికేషన్‌లో క్వాలిఫైయింగ్ కోడ్ అడుగుతుంది. బీఎస్సీ వాళ్లం ఏది పెట్టాలి?

బీఎస్సీ వాళ్ల కోసం 06 కోడ్ ఉంది. దాని షరతు పూర్తిగా చదవండి. డిగ్రీలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీలలో కనీసం రెండు ఉండాలి, అంతకుముందు ఇంటర్‌లో ఈ మూడూ ఇంగ్లిష్‌తో సహా పాసై ఉండాలి. అంటే 06 కోడ్ పెట్టినా ఇంటర్ స్థాయిలో ఈ సబ్జెక్టులన్నీ తప్పవు. మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ లాంటి పేర్లున్న గ్రూపుల వాళ్లకు తమ సబ్జెక్టులు ఆ జాబితాలోకి వస్తాయో రావో అన్న సందేహం సహజం. అప్లికేషన్ పంపే ముందే, నీట్ నిర్వహించే ఎన్‌టీఏ హెల్ప్‌డెస్క్‌కు మెయిల్ రాసి, వాళ్ల జవాబు దాచుకోండి.

డిగ్రీ బెంగళూరులో చదివాను. సొంత రాష్ట్రంలో లోకల్ కింద వస్తానా?

డిగ్రీ ఎక్కడ చదివారన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు ఎక్కడ చదివారన్నదే చూస్తారు. ఇంటర్ దాకా వరంగల్‌లో చదివి డిగ్రీకి బెంగళూరో ఢిల్లీయో వెళ్లినవాళ్లకు ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా ఇంటర్ కోసమే రాజస్థాన్‌లోని కోటా నగరానికో బెంగళూరుకో వెళ్లినవాళ్లకు. తెలంగాణ పెట్టిన ఈ నాలుగేళ్ల నిబంధనను 2025 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం, శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ ప్రాంతం అని లోకల్ విభజన ఉంది, మీరు దేని కిందికి వస్తారో చూసుకోండి.

## చదువు, ప్రిపరేషన్

మూడేళ్లు బయాలజీయే చదివాను. అది వదిలేసి ఫిజిక్స్, కెమిస్ట్రీ చూసుకుంటే సరిపోతుందా?

డిగ్రీ విద్యార్థులకు మార్కులు పోయేది సరిగ్గా ఇక్కడే. 720లో 360 మార్కులు బయాలజీవే. నీట్ మిమ్మల్ని అడిగేది డిగ్రీ బయాలజీ కాదు, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలోని వాక్యం.

ఒక ఉదాహరణ చూడండి. ఒక గ్లూకోజ్ అణువు పూర్తిగా ఆక్సీకరణం చెందితే ఎన్ని ఏటీపీలు? డిగ్రీలో బయోకెమిస్ట్రీ చదివినవాళ్లు 30 లేదా 32 అంటారు. ఎన్ఏడీహెచ్ ఒక్కోదానికి రెండున్నర చొప్పున లెక్క కట్టడం వాళ్లకు అలవాటు. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి పుస్తకంలో నికరంగా 38 అని ఉంటుంది. మీకు తెలిసింది తప్పేమీ కాదు. కానీ ఓఎంఆర్ షీటు మీద 32 దిద్దితే వచ్చే నాలుగు మార్కులు రాకపోగా ఇంకొకటి పోతుంది. వర్గీకరణలో, మొక్కల కుటుంబాల్లో, జీవావరణంలో ఇలాంటి తేడాలు ఇంకా ఉన్నాయి.

అందుకని ఎన్‌సీఈఆర్‌టీ రెండు పుస్తకాలూ లైను లైను చదవండి. బొమ్మల కింద రాసిన మాటలు కూడా వదలొద్దు. పాఠం అర్థం చేసుకోవడానికి మీకు ఇంటర్ పిల్లల్లో సగం టైమే పడుతుంది. జన్యుశాస్త్రం, బయోటెక్నాలజీ, మానవ శరీరధర్మశాస్త్రం అలవోకగా వెళ్లిపోతాయి. మిగిలిన టైమును ఫిజిక్స్‌కు ఇవ్వండి, బయాలజీని వదిలేసి కాదు.

ఫిజిక్స్ ముట్టుకుని మూడేళ్లయింది. ఎక్కడ మొదలుపెట్టాలి?

లెక్కలతో మొదలుపెట్టండి. ఫిజిక్స్ రావడం లేదని నా దగ్గర బాధపడినవాళ్లలో చాలామందికి అసలు ఇబ్బంది ఫిజిక్స్‌తో కాదు. భిన్నాలు, ఘాతాంకాలు, సైన్ కాస్ విలువలు, వెక్టర్లు, చిన్న చిన్న డిఫరెన్షియేషన్లు చేతిలోంచి జారిపోయి ఉంటాయి. బైపీసీలో మ్యాథ్స్ ఉండదు, డిగ్రీలోనూ ఉండదు. పదో తరగతి తర్వాత ఆ వైపే చూడనివాళ్లు ఎందరో. కాలిక్యులేటర్ లేకుండా 6.63ని 3తో గుణించి, పది ఘాతాలు సరిచేసి, దేనితోనైనా భాగించమంటే చెయ్యి ఆగిపోతుంది. పరీక్షలో కాలిక్యులేటర్ ఇవ్వరు. మొదటి రెండు మూడు వారాలు ఈ లెక్కలకే కేటాయించండి, ఆ టైము వృథా అయిందనుకోకండి.

తర్వాత కరెంట్ ఎలక్ట్రిసిటీ, సెమీ కండక్టర్లు, ఆధునిక భౌతికశాస్త్రం, కిరణ దృశాశాస్త్రం చూడండి. ఇవి కొంచెం త్వరగా పట్టుబడతాయి, ధైర్యం వస్తుంది. మెకానిక్స్ నిదానంగా, రోజూ కొంచెం చొప్పున చేయాలి. 45 ప్రశ్నల్లో అన్నీ చేయాలన్న పట్టుదల వద్దు. వచ్చినవి తప్పు లేకుండా చేసి, రానివి వదిలేయడం నేర్చుకోండి. 2025 పేపర్లో ఫిజిక్స్ బాగా చదివే పిల్లలనే కంగారు పెట్టింది. ఆ రోజు తేరుకున్నవాళ్లు కష్టమైన ప్రశ్నల దగ్గర ఆగిపోకుండా ముందుకెళ్లినవాళ్లే.

నేను ఇంటర్ చదివినప్పటి సిలబస్సే ఉందా?

లేదు. 2024 పరీక్ష నుంచి సిలబస్ సవరించారు, కొన్ని పాఠాలు తీసేశారు. 2025 నుంచి పేపర్లో ఐచ్ఛిక ప్రశ్నలు కూడా లేవు, 180కి 180 మీకు పెట్టినవే. అటక మీద దాచుకున్న పాత మెటీరియల్ దించుకుని చదివేయకుండా, కొత్త సిలబస్ ప్రింట్ తీసి పక్కన పెట్టుకోండి.

లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో చేరడం తప్పనిసరా? ల్యాబ్‌లో ఉద్యోగం చేస్తూ చదవలేనా?

తప్పనిసరి కాదు. కానీ మీ సంగతి మీరు నిజాయితీగా చూసుకోవాలి. ఫిజిక్స్ బాగా వెనకబడి ఉంటే, ఒంటరిగా చదివే అలవాటు లేకపోతే విజయవాడలోనో హైదరాబాద్‌లోనో లాంగ్‌టర్మ్ బ్యాచ్ సాయపడుతుంది. అయితే అక్కడ 18 ఏళ్ల పిల్లలతో పాటు స్టడీ అవర్లు, వారాంతపు పరీక్షలు, ర్యాంకుల బోర్డు ఉంటాయి. డిగ్రీ చేసి వచ్చినవాళ్లకు ఆ హాస్టల్ క్రమశిక్షణ ఉక్కిరిబిక్కిరిగా అనిపించొచ్చు. చేరే ముందు ఒక పూట వెళ్లి చూసి రండి.

ఉద్యోగం చేస్తూ చదవడం సాధ్యమే కానీ షిఫ్టులు మారే ఉద్యోగమైతే చాలా కష్టం. డయాగ్నస్టిక్ సెంటర్‌లో రాత్రి డ్యూటీ చేసి పొద్దున్నే టార్క్ లెక్కలు చేయడం ఎక్కువ రోజులు నడవదు. ఇంటికి మీ జీతం అవసరమైతే జనవరి దాకా ఉద్యోగం చేసి, చివరి నాలుగు నెలలు మానేసే పద్ధతి కొందరికి కుదిరింది.

డిగ్రీ సెకండియర్‌లో ఉన్నాను. మానేసి నీట్‌కు కూర్చోనా?

మానేయకండి అనే చెప్తాను. డిగ్రీ చదువుతూ నీట్ రాయడానికి ఏ అడ్డూ లేదు. సీటు వస్తే అప్పుడు టీసీ తీసుకోవచ్చు. రాకపోతే చేతిలో డిగ్రీ ఉంటుంది. ఆ భరోసాతో పరీక్ష హాల్లో కూర్చోవడానికి, ఏమీ లేకుండా కూర్చోవడానికి టెన్షన్‌లో చాలా తేడా ఉంటుంది.

తెలుగులో రాయొచ్చా?

రాయొచ్చు. నీట్ 13 భాషల్లో జరుగుతుంది, వాటిలో తెలుగు ఒకటి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సెంటర్లలో తెలుగు పేపర్ ఎంచుకోవచ్చు, పక్కన ఇంగ్లిష్ కూడా ఉంటుంది. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిష్ ప్రశ్ననే ప్రామాణికంగా తీసుకుంటారు. డిగ్రీ ఇంగ్లిష్ మీడియంలో చదివినవాళ్లు ఇంగ్లిషే పెట్టుకోవడం మంచిది. ఇంటర్ దాకా తెలుగు మీడియమైనా సరే, మూడేళ్లుగా మీ నోట నానినవి ఇంగ్లిష్ పదాలే కదా.

ఎన్ని మార్కులొస్తే గవర్నమెంట్ సీటు వస్తుంది?

మార్కు చెప్పి ఎవరైనా గ్యారంటీ ఇస్తే నమ్మకండి. 2024లో 720కి 720 వచ్చినవాళ్లు ఒకరికి మించి ఉన్నారు. 2025లో మొదటి ర్యాంకుకు వచ్చింది 686. పేపర్ ఎంత కష్టంగా ఉంటే మార్కులు అంత కిందికి దిగుతాయి. కాబట్టి మార్కులు కాదు, ర్యాంకులు చూడండి. మీ కేటగిరీలో, మీ లోకల్ ఏరియాలో గత రెండేళ్లలో ఏ కాలేజీలో చివరి సీటు ఏ ర్యాంకుకు వచ్చిందో హెల్త్ యూనివర్సిటీల జాబితాల్లో ఉంటుంది. ఇంకో సంగతి, క్వాలిఫై అవడం వేరు, సీటు రావడం వేరు. జనరల్‌లో 50, రిజర్వుడు వర్గాలకు 40 పర్సంటైల్ (మార్కుల శాతం కాదు, రాసినవాళ్లలో ఎంత శాతం మంది కన్నా ముందున్నారన్నది) దాటితే క్వాలిఫై అయినట్టే, కానీ గవర్నమెంట్ సీటు అక్కడికి చాలా దూరం.

## కౌన్సెలింగ్, డబ్బు

ర్యాంకు వచ్చాక ఎక్కడెక్కడ అప్లై చేయాలి?

కనీసం రెండు చోట్ల. గవర్నమెంట్ కాలేజీల్లో 15 శాతం అఖిల భారత కోటా సీట్లు, ఎయిమ్స్, జిప్మర్, డీమ్డ్ యూనివర్సిటీల సీట్లు ఢిల్లీలోని మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ (ఎంసీసీ) భర్తీ చేస్తుంది. మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లు కూడా అందులోనే. రాష్ట్ర కోటా సీట్లకు ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం, తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు విశ్వవిద్యాలయం విడిగా నోటిఫికేషన్లు ఇస్తాయి. నీట్ రాసినంత మాత్రాన మీ పేరు వాటంతట అదే అక్కడికి వెళ్లదు. గడువు నాలుగైదు రోజులే ఉండొచ్చు, జూన్ నుంచి ఆ వెబ్‌సైట్లు రోజూ చూడండి.

ఏ సర్టిఫికెట్లు ముందే పెట్టుకోవాలి?

పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, కులం, ఆదాయం సర్టిఫికెట్లు, ఆధార్. మీ ఆఖరి టీసీ డిగ్రీ కాలేజీది కాబట్టి ఒరిజినల్స్ అక్కడ ఇరుక్కోకుండా ముందే తెచ్చుకోండి. స్టడీ సర్టిఫికెట్ల దగ్గర ఆలస్యమవుతుంది. ఇంటర్ పిల్లలకు స్కూలు మానేసి రెండేళ్లే, మీకు ఐదారేళ్లు. ఈలోగా మీరు చదివిన ప్రైవేటు స్కూలు మూతపడి ఉంటే మండల విద్యాధికారి కార్యాలయం చుట్టూ తిరగాల్సి వస్తుంది. బీసీ వర్గాల వాళ్లు ఇంకొకటి గమనించాలి. రాష్ట్ర కోటాకు రాష్ట్ర సర్టిఫికెట్ సరిపోతుంది కానీ అఖిల భారత కోటాకు కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి. రాష్ట్ర బీసీ జాబితాలోని కులాలన్నీ కేంద్ర జాబితాలో ఉండవు.

ప్రైవేటు కాలేజీలో ఖర్చెంత? డిగ్రీకి ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకున్నాను, మళ్లీ వస్తుందా?

రెండు రాష్ట్రాల ప్రైవేటు కాలేజీల్లో సగం సీట్లు కన్వీనర్ కోటావి. వాటి ఫీజు ఏడాదికి వేలల్లో ఉంటుంది. మేనేజ్‌మెంట్ కోటా, అంటే బి కేటగిరీ, ఏడాదికి 10 లక్షలు దాటుతుంది. ఎన్ఆర్ఐ కోటా దానికి రెండు మూడు రెట్లు. పైన హాస్టల్, పుస్తకాలు. పొలం అమ్మి బి కేటగిరీలో చేర్పిస్తామనే తల్లిదండ్రులకు నేను చెప్పే మాట, ఎంబీబీఎస్‌తో చదువు అయిపోదు, పీజీకి మళ్లీ డబ్బు కావాలి, ఆ లెక్క కూడా ఇప్పుడే వేసుకోండి.

రీయింబర్స్‌మెంట్ విషయంలో తొందరపడి నమ్మకం పెట్టుకోకండి. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ నిబంధనల్లో ఒకే స్థాయి చదువు రెండోసారి చదివేవాళ్లకు వర్తించదన్న షరతు ఉంది. బీఎస్సీకి తీసుకున్నవాళ్లు ఎంబీబీఎస్‌కు ముందే జిల్లా సంక్షేమ శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.

## సీటు వచ్చాక

చదివిన డిగ్రీ ఎంబీబీఎస్‌లో ఏమైనా పనికొస్తుందా?

బాగా పనికొస్తుంది. ఫస్టియర్‌లో అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ ఉంటాయి. బయోకెమిస్ట్రీ మీకు పాత చుట్టమే. సెకండియర్‌లో మైక్రోబయాలజీ ప్రాక్టికల్స్‌లో గ్రామ్ స్టెయిన్ చేయమన్నప్పుడు తేడా తెలుస్తుంది. క్రిస్టల్ వయొలెట్, అయోడిన్, ఆ తర్వాత రంగు కడిగే ఆల్కహాల్ ఎన్ని సెకన్లు వేయాలో తెలియక తోటివాళ్లు స్లైడు మొత్తం గులాబీ రంగు చేసుకుంటుంటే, మీ చెయ్యి దానంతటదే ఆగాల్సిన చోట ఆగుతుంది. ఆ ఒడుపు డిగ్రీ ల్యాబ్‌లో వచ్చిందే.

అనాటమీ మాత్రం అందరికీ కొత్తే. ఫార్మలిన్ వాసన, నరాల పేర్లు, ఎముకల మీద గుర్తులు అన్నీ సున్నా నుంచే. డిగ్రీ ఉందని ఏ క్లాసు నుంచీ మినహాయింపు రాదు, హాజరు నిబంధన అందరికీ ఒకటే.

మొత్తం ఎన్నేళ్లు పడుతుంది? సంపాదన ఎప్పుడు మొదలవుతుంది?

నాలుగున్నరేళ్లు చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. 22 ఏళ్లకు చేరితే 27, 28కి ఎంబీబీఎస్ చేతికొస్తుంది. ఇంటర్న్‌షిప్‌లో స్టైపెండ్ ఇస్తారు. ఎండీనో ఎంఎస్సో చేయాలంటే నీట్ పీజీ రాసి మరో మూడేళ్లు, అంటే 30, 31 వస్తుంది. మీతో డిగ్రీ చేసినవాళ్లు అప్పటికి ఉద్యోగాల్లో కుదురుకుని ఉంటారు. ఈ లెక్క ఇంట్లో అందరి ముందు పెట్టి మాట్లాడండి.

ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. ఇప్పుడు చదువంటే ఒప్పుకోవడం లేదు. ఏం చేయాలి?

ఈ ప్రశ్న అడిగేది దాదాపు ఎప్పుడూ అమ్మాయిలే. తల్లిదండ్రుల భయం చదువు మీద కాదు, అంతులేకుండా సాగుతుందేమోనని. అందుకని గడువు పెట్టి అడగండి. "ఒక్క ఏడాది ఇవ్వండి, వచ్చే మే పరీక్ష తర్వాత మాట్లాడుకుందాం" అంటే వినే ఇళ్లు చాలా ఉన్నాయి. నెలకోసారి మాక్ టెస్ట్ మార్కులు చూపిస్తుంటే నమ్మకం పెరుగుతుంది. మీ మాట వాళ్లకు ఎక్కకపోతే వాళ్లు గౌరవించే టీచర్‌నో మేనమామనో వెంట తీసుకెళ్లి మాట్లాడించండి. ఇంటికొచ్చి మాట్లాడమని అడిగితే కాదనే టీచర్లు తక్కువ.

## విదేశాల సంగతి

బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో డిగ్రీ వాళ్లకు నాలుగేళ్ల మెడిసిన్ ఉందంటున్నారు. మంచిదేనా?

ఉంది. బ్రిటన్‌లో వారిక్ లాంటి యూనివర్సిటీల్లో గ్రాడ్యుయేట్ ఎంట్రీ నాలుగేళ్లు. యూక్యాట్ లేదా గామ్‌శాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, అక్టోబర్ 15 లోపు అప్లై చేయాలి, మెడిసిన్‌కు నాలుగు చోట్లే పెట్టుకోనిస్తారు. కానీ ఆ సీట్లు ఎక్కువగా అక్కడివాళ్లకే. విదేశీయులకు తెరిచి ఉన్నవి కొన్నే, ఫీజు చాలా ఎక్కువ. అక్కడే పుట్టి పెరిగి బయోమెడికల్ సైన్స్ చదివిన మన తెలుగు పిల్లలకు ఇది మంచి దారి.

ఇక్కడికి తిరిగొచ్చి ప్రాక్టీస్ పెట్టాలనుకునేవాళ్లు ఒకటి చూసుకోవాలి. జాతీయ వైద్య కమిషన్ 2021 నిబంధనల ప్రకారం విదేశీ వైద్య కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, అదే సంస్థలో మరో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. నాలుగేళ్లంటే 48 నెలలే.

ఫిలిప్పీన్స్‌లో బీఎస్సీని ప్రీ మెడ్‌గా (మెడిసిన్‌కు ముందు చదివే డిగ్రీగా) తీసుకుని నేరుగా ఎండీలో చేర్చుకుంటారట కదా?

అక్కడి ఎండీ నాలుగేళ్లు. ఏజెంట్ మీకు ఏడాదిన్నర మిగులుతుందని చెప్తాడు. 54 నెలల నిబంధన గురించి చెప్పడు. ఏ దేశానికి వెళ్లినా ముందు నీట్‌లో క్వాలిఫై అయి ఉండాలి, కోర్సు ఇంగ్లిష్‌లో జరగాలి, ఆ దేశంలో అక్కడివాళ్లతో సమానంగా ప్రాక్టీస్‌కు లైసెన్సు వచ్చే డిగ్రీ అయి ఉండాలి, చేరిన పదేళ్లలోపు అన్నీ పూర్తవ్వాలి. తిరిగొచ్చాక, విదేశాల్లో మెడిసిన్ చదివినవాళ్లకు పెట్టే 300 మార్కుల అర్హత పరీక్ష ఎఫ్ఎంజీఈలో 150 తెచ్చుకోవాలి, ఆపైన ఇక్కడ ఇంటర్న్‌షిప్. ఈ షరతుల్లో ఒక్కటి తప్పినా ఇన్నేళ్ల చదువుకు ఇక్కడ విలువ ఉండదు.

మా అబ్బాయి ఇక్కడ బీఎస్సీ చేశాడు. అమెరికాలో మెడికల్ ప్రవేశ పరీక్ష ఎంసీఏటీ రాసి ఎండీలో చేరగలడా?

పరీక్ష రాయగలడు, 472 నుంచి 528 మధ్య స్కోరు వస్తుంది. సీటే కష్టం. అక్కడి మెడికల్ కాలేజీలు చాలావరకు పౌరులను, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లనే తీసుకుంటాయి. విదేశీయులను తీసుకునేవి కూడా సాధారణంగా కనీసం ఏడాదైనా అమెరికాలోనో కెనడాలోనో కాలేజీ చదువు ఉండాలంటాయి. ఇక్కడి మూడేళ్ల బీఎస్సీతో నేరుగా వెళ్లే ఆలోచన వదులుకోవడం మంచిది.

## సీటు రాకపోతే

ఎన్ని ప్రయత్నాల తర్వాత ఆపేయాలి?

అంకె చెప్పలేను, గుర్తు చెప్పగలను. రెండో ఏడాది మాక్ మార్కులు మొదటి ఏడాది దగ్గరే ఆగిపోతే, అదే పద్ధతిలో మూడో ఏడాది కూర్చోవడం వల్ల లాభం ఉండదు. మార్కులు పెరుగుతూ, ర్యాంకు దగ్గర్లో తప్పిపోతే ఇంకోసారి రాయడంలో అర్థముంది. నిద్ర పట్టకపోవడం, ఎవరితోనూ మాట్లాడాలనిపించకపోవడం లాంటివి మొదలైతే మాత్రం పరీక్ష సంగతి పక్కన పెట్టి ముందు ఇంట్లో చెప్పండి, డాక్టర్‌కు చూపించుకోండి. 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్ కౌన్సెలర్లు ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు.

ఎంబీబీఎస్ కాకుండా ఆసుపత్రికి, వైద్యానికి దగ్గరగా ఉండే దారులేమున్నాయి?

నీట్ ర్యాంకుతోనే బీడీఎస్, ఆయుర్వేదం, హోమియోపతి ఉన్నాయి. ఎంబీబీఎస్ రాలేదని చేరి, ఐదేళ్లూ బాధపడేవాళ్లను చూశాను. ఆ వైద్యం మీద గౌరవం ఉంటేనే చేరండి.

బీఎస్సీని వాడుకునే దారులు ఇంకా బాగుంటాయని నా అభిప్రాయం. మెడికల్ కాలేజీల్లో అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీల్లో ఎమ్మెస్సీ మెడికల్ ఉంది. డాక్టర్లు కానివాళ్లను అధ్యాపకులుగా ఎంతవరకు తీసుకోవాలన్న నిబంధనలు మారుతూ వచ్చాయి కాబట్టి టీచింగ్ కోసం చేరేవాళ్లు తాజా నియమం చదువుకోవాలి. పరిశోధన ఇష్టమైతే ఎమ్మెస్సీ చేసి, పరిశోధన ఫెలోషిప్ కోసం సీఎస్ఐఆర్ జేఆర్ఎఫ్ పరీక్ష రాసి హైదరాబాద్‌లోనే సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ లాంటి పరిశోధన సంస్థల్లో పీహెచ్‌డీకి ప్రయత్నించొచ్చు. పోషకాహారం మీద ఆసక్తి ఉన్నవాళ్లకు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఎమ్మెస్సీ కోర్సు ఉంది. ప్రజారోగ్యానికి హైదరాబాద్‌లోని భారత ప్రజారోగ్య సంస్థ (ఐఐపీహెచ్)లో ఎంపీహెచ్ అనే పీజీ కోర్సు ఉంది. ఎంఎల్‌టీ వాళ్లకు ల్యాబ్ ఉద్యోగాలు ఎలాగూ ఉన్నాయి, పీజీ చేస్తే బాధ్యతా, జీతమూ పెరుగుతాయి.

వీటిలో చాలావాటి ప్రవేశ పరీక్షలు మార్చి నుంచి జులై మధ్యలో వస్తాయి, అంటే సరిగ్గా నీట్ హడావుడిలో. నీట్ ఫలితం వచ్చాక చూద్దామనుకుంటే చాలావాటికి గడువు దాటిపోతుంది. మీకు నచ్చిన రెండింటికి ముందే అప్లై చేసి ఉంచండి.